జమాలు వంతు బియ్యం

కాలువ ఆఫీసు మెట్లు దిగిన అబిదా తిన్నగా ఇంటికి పోలేక, మాచర్ల బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూలబడిపోవడం దగ్గర కిందటి వారం ఆగాం. ఆమె చేతిలో నోటీసు ఉంది. ఆరేళ్ళ కిందట సాగర్ కుడి కాలువ షట్టర్ దగ్గరకు రాత్రి కాపలాకు పోయి తిరిగిరాని లస్కరు జమాలుకు భార్య ఆమె. గట్టు మీద సైకిలు దొరికింది, చెప్పులు దొరికాయి, మనిషి దొరకలేదు. ఆచూకీ లేదని పోలీసులు రాసిచ్చాక, ‘మనిషి తిరిగివస్తే తీసుకున్నదంతా వెనక్కి కడతాను’ అని ఆమెతో బాండు రాయించుకుని సర్కారు కుటుంబ పింఛను మంజూరు చేసింది. ఇప్పుడు అదే సర్కారు, మీ ఆయన పేరు రేషన్ కార్డులో ఉంది, ఆయన వంతు బియ్యం నెలనెలా తీసుకుంటున్నారు, అంటే మనిషి బతికే ఉన్నాడు, కాబట్టి ఇంతవరకూ ఇచ్చిన తొమ్మిది లక్షల పైచిలుకు తిరిగి కట్టమంటోంది. జవాబు వచ్చేదాకా పింఛను ఆపేశారు.

“కార్డులో పేరెందుకు తీయించలేదమ్మా?” అని ఆ పొద్దున ఆఫీసులో అడిగాడు సూపరింటెండెంటు నాగభూషణరావు. ఆనాడు పింఛను కాగితాలు దగ్గరుండి రాయించిన మనిషే. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే జవాబు చెప్పడం మరీ కష్టమైంది.

‘మా అత్త తీయనీయలేదండీ’ అనాలి నిజానికి. ఆ మాట అంటే, ఎందుకు తీయనీయలేదని అడుగుతాడు. కొడుకు బతికే ఉన్నాడని ఆమె నమ్మకం అని చెప్పాలి. చెబితే అదే రాసుకుంటాడు. అబిదా పైట మెడ చుట్టూ ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. కింద నల్లపూసలున్నాయి. ఏటా బతికున్నానని సంతకం పెట్టడానికి వచ్చినప్పుడల్లా అలాగే లాక్కుంటుంది.

“నెలాఖరులోపు పేరు తీయించి కాగితం పట్రా. ఆ తరవాత నా చేతుల్లో ఉండదు” అన్నాడాయన.

పొద్దు వాలాక ఆమె లేచి ఇంటిదారి పట్టింది.

అది రేషన్ డిపో నుంచి బియ్యం వచ్చిన రోజు. గుమ్మంలో కూర్చుని అత్త మస్తాన్‌బీ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన రెండు డబ్బాలు. ఒకటి ఇంట్లోకి. రెండోది చిన్నది, మూత మీద ఆకుపచ్చ రంగు గుడ్డ కట్టి ఉంటుంది. అందులోవి జమాలు వంతు అయిదు కిలోలు. ఆరేళ్ళుగా ఆ బియ్యం ఆ ఇంట్లో ఉడకలేదు. ఎసట్లో ఒక గుప్పెడు తక్కువైన రోజుల్లో కూడా అబిదా ఆ గుడ్డ ముడి విప్పలేదు. నెలలో ఒక గురువారం మస్తాన్‌బీ ఆ డబ్బా చంకన పెట్టుకుని దర్గాకు పోతుంది. అక్కడ వండించి, ఊరూపేరూ అడగకుండా, దారిన పోయేవాళ్ళకు పెట్టి వస్తుంది. నా కొడుక్కి ఏ తల్లో ఇంత పెడతా ఉంటది, నేను ఏ తల్లి కొడుక్కో పెడతన్నా అంటుంది. ఆ మాటకు ఎదురుచెప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

“పొద్దుననగా పోయినదానివి. ఏమన్నా తిన్నావా?” అంది చేటలోంచి తల ఎత్తకుండా.

“ఆ డబ్బాలో బియ్యం ఇందులో పోసెయ్యి అత్తా.”

చేటలో తిరుగుతున్న వేళ్ళు ఆగాయి. “ఏ డబ్బా?”

“ఏ డబ్బానో నీకు తెలవదా?”

“పండగ పూటన్నా దాని జోలికి రానిదానివి. ఇయ్యాల ఏందే కొత్తగా?”

అబిదా గుమ్మం ఇవతలే, వీధిలోనే, గోడకు ఆనుకుని కూర్చుంది. నోటీసు తీసి చదవలేదు. అందులోని మాటలు అప్పటికే కంఠతా వచ్చేశాయి. ఒక్కొక్కటే చెప్పింది. పింఛను ఆగిపోయిందని చెప్పింది. ఎంత కట్టాలో చెప్పింది. ఆ అంకె దగ్గర మస్తాన్‌బీ ముఖంలో ఏమీ మారలేదు. అంత డబ్బు ఆమె ఊహకు అందేది కాదు. ఎందుకు కట్టాలో చెప్పినప్పుడు మాత్రం చేట కింద పెట్టేసింది.

“అంటే సర్కారోళ్ళు కూడా బతికున్నాడనే అంటన్నారు.”

“వాళ్ళు అనేది అది కాదత్తా. మనం దొంగలం అంటన్నారు. ఒక ఆఫీసులో చచ్చాడని చెప్పి డబ్బులు తీసుకుంటన్నాం, ఇంకో ఆఫీసులో బతికున్నాడని చెప్పి బియ్యం తీసుకుంటన్నాం.”

“చచ్చాడని చెప్పింది నువ్వు. బతికున్నాడన్నది నేను. ఇద్దర్లో దొంగెవరో వాళ్ళనే తేల్చమను.”

“నేను సరదాకి చెప్పానా? అంజుమ్‌కి అప్పుడు పదేళ్ళు. సాగర్‌లో క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. మిరపకాయల తొడాలు తీస్తే వచ్చేది నీ మందులకే చాలేది కాదు.”

“నేను మందులు అడిగానా?”

“అడగలేదు. అడక్కపోతే కొనకుండా ఉంటానా?”

వీధిలో ఒక ఆటో ఆగి, మనిషిని దింపి వెళ్ళిపోయింది. మస్తాన్‌బీ అటు చూసింది. ఆటో ఆగిన ప్రతిసారీ చూస్తుంది. మళ్ళీ చేట అందుకుంది కానీ బియ్యంలోకి చెయ్యి పోలేదు.

“నువ్వు ఎన్నయినా చెప్పు. నా ప్రశ్నకు ఇంతవరకు ఒక్కళ్ళు జవాబు చెప్పలేదు. ఎస్సై చెప్పలా, ఇంజినీరు చెప్పలా. కాలుజారి పడేవాడు చెప్పులు విప్పి, గట్టు మీద పక్కపక్కన పెట్టి పడతాడా?”

ఆరేళ్ళుగా వింటున్న ప్రశ్నే. విన్న ప్రతిసారీ అబిదా ఏదో ఒక పని కల్పించుకుని లోపలికి పోయేది. ఇవాళ పోవడానికి ఓపిక లేదు.

“పడలేదేమోలే అత్తా” అంది. “దూకాడేమో.”

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు. మస్తాన్‌బీ చేట పక్కకు నెట్టి కోడలి వంక తిరిగింది. కొట్టడానికి చెయ్యెత్తుతుందనుకుంది అబిదా. కొట్టినా బాగుండేది.

“నా కొడుకు దూకాడా?” అంది చివరికి, చాలా నెమ్మదిగా. “అయితే ఆ నల్లపూసలు ఏందే నీ మెడలో?”

“నువ్వు తియ్యనియ్యలేదు.”

“నేను తియ్యనియ్యలేదు! నేను చెప్పిందల్లా విన్నదానివేగా! ఆఫీసులో పైట కప్పుకుంటావు, ఇంటికొచ్చి అద్దంలో సరిచేసుకుంటావు. నేను చూళ్ళేదనుకున్నావా? చచ్చాడని సంతకం పెట్టింది నీ చెయ్యి. నువ్వు కాదు. నాకు తెలుసే. అందుకే నిన్ను ఇన్నాళ్ళు ఒక్క మాట అన్లేదు.”

లోపల ఫోను మోగింది. అబిదా లేచి వెళ్ళింది.

నరసరావుపేట నుంచి కూతురు అంజుమ్. పాలిటెక్నిక్ రెండో ఏడు. హాస్టల్ డబ్బులు కట్టనివాళ్ళ పేర్లు మెస్సు తలుపు మీద అంటించారట, ఎప్పుడు పంపుతావని అడిగింది. పంపుతాననే చెబుదామనుకుంది అబిదా. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“సామాను సర్దుకో తల్లీ. ఆదివారం వచ్చి తీసుకొస్తా... ఏం లేదు, ఊరికే. కొన్నాళ్ళు ఇంట్లో ఉందువుగాని... పరీక్షలా? చూద్దాంలే.”

ఆమె ఫోను పెట్టేసి తిరిగి వచ్చేసరికి గుమ్మంలో మస్తాన్‌బీ లేదు. పొయ్యి దగ్గర ఉంది. ఆకుపచ్చ గుడ్డ ముడి పళ్ళతో విప్పుతోంది. విప్పి, డబ్బా ఎత్తి, బియ్యం గిన్నెలోకి ఒంపింది. ఆ చప్పుడు కొత్తదేమీ కాదు, ఏ బియ్యం పోసినా అదే చప్పుడు. అయినా అబిదా ఒక్క అడుగు ముందుకు వెయ్యలేకపోయింది.

జమాలు వంతు ఆ రాత్రి ఆ ఇంట్లో ఉడికింది. ఇద్దరూ పచ్చిమిరపకాయల పచ్చడి వేసుకుని తిన్నారు. మస్తాన్‌బీ మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగింది. కంచంలో మెతుకు మిగల్చలేదు.

“రేపు పేరు తీయిద్దాం పద” అంది చెయ్యి కడుక్కుంటూ. “ఒక్కటే చెప్తన్నా. తీసెయ్యండి అంటా, అంతే. చచ్చాడని నా నోటితో అననంటే అనను.”

వార్డు సచివాలయంలో మర్నాడు పొద్దున మనుషులు బాగానే ఉన్నారు. కంప్యూటరు ముందు కూర్చున్న ఇంద్రజ మస్తాన్‌బీని చూడగానే నవ్వింది.

“రా మామ్మా. ఏంది, మళ్ళీ వేలు పడలేదంటన్నాడా డీలరు?”

తొడాలు తీసీ తీసీ మస్తాన్‌బీ వేళ్ళ మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. మిషను ఆమె వేలిని ఎప్పుడూ గుర్తుపట్టదు. కళ్ళు చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. నీ వేలి ఆనవాలు ఆ అల్లాకి కూడా దొరకదు మామ్మా, స్వర్గం గేటు కాడ ఆపేస్తారు అని ఇంద్రజ ఏడిపిస్తూ ఉంటుంది. కళ్ళు చూపించి పోతాలేవే అని ఈమె అంటుంది. ఇవాళ ఆ నవ్వులాటకు దిగలేదు.

“నా వేలు కాదమ్మా. కార్డులో ఒక పేరు తియ్యాలి.”

“ఎవరిది?”

మస్తాన్‌బీ గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది. అబిదానే చెప్పాల్సివచ్చింది. “మా ఆయనది.”

ఇంద్రజ నవ్వు మానేసింది. పక్కనున్న స్టూలు మీది ఫైళ్ళు తీసి, మస్తాన్‌బీని కూర్చోబెట్టింది. నోటీసు అందుకుని మొత్తం చదివింది. చదివినకొద్దీ ఆమె భుజాలు తేలికపడడం అబిదా గమనించింది.

“దీనికింత భయపడ్డారా అక్కా? చనిపోయిన సర్టిఫికెట్ లేకుండా నేను పేరు తియ్యలేను, అది నిజమే. కానీ తియ్యాల్సిన పనే ఉండదు. కార్డులో ఉన్న ప్రతి మనిషీ వచ్చి వేలు వెయ్యాలని ఊరూరా టముకేశారా లేదా? వెయ్యని పేర్లు వాటంతటవే పోయినయ్యి. ఈయన వెయ్యలేదుగా. పేరు పోయే ఉంటది. నోటీసు పంపినోళ్ళు పాత కాగితం చూసి ఉంటారు. ఇప్పటిది నేను తీసిస్తా, సంతకం చేసి ఇస్తా. అది తీసుకుపోయి ఇవ్వండి, అయిపోతది.”

అబిదా గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఎన్ని రోజుల తరవాతో. ఆదివారం నరసరావుపేట పోనక్కర్లేదు. అంజుమ్‌కు ఇప్పుడే ఫోను చేసి చెప్పొచ్చు. అత్త వంక చూసింది. మస్తాన్‌బీ ఒళ్ళో చేతులు పెట్టుకుని, తన ప్రమేయం లేకుండా జరిగిపోతున్నందుకు కాస్త ఊరటపడినట్టే ఉంది. చచ్చాడని ఎవరూ అనక్కర్లేదు. మిషనే తీసేసింది.

ఇంద్రజ కార్డు నంబరు కొట్టింది. కొంచెంసేపు చూసింది. మళ్ళీ కొట్టింది.

“పోలేదక్కా” అంది.

“ఏంది?”

“పేరు పోలేదు. ఈయనకి వేలు పడింది.”

అబిదా మెల్లగా అత్తవైపు తిరిగింది. బియ్యం తెచ్చేది ఆమె. డీలరుతో మాట్లాడేది ఆమె. పేరు పోకుండా ఉండడానికి ఎంతకైనా తెగించేదీ ఆమే.

“ఎవరి వేలు వేయించావు అత్తా?”

“నేనా?”

“డీలరుకి ఏం ఇచ్చావు? ఎవర్ని తీసుకుపోయావు? చెప్పు. ఇది జైలుకి పోయే పని, తెలుసా నీకు?”

“అంజుమ్ మీద ఒట్టే. నాకేం తెలవదు” అంది మస్తాన్‌బీ. “వేలు వెయ్యాలన్నారు. వేలు వెయ్యాలంటే మనిషి ఉండాలిగా. పోతదిలే పేరు అని ఇంటికొచ్చి ఏడ్చా. మళ్ళీ నెల పోతే ఆడి బియ్యం కూడా తూచి పోశాడు. నేను అడగలా. అడిగితే తీసేస్తాడేమోనని నోరు మూసుకుని తెచ్చుకున్నా. దేవుడే ఉంచాడనుకున్నా.”

“ఒకరి బదులు ఇంకొకరి వేలు పడదక్కా” అంది ఇంద్రజ. గొంతు బాగా తగ్గించింది. వెనక వరసలో మనుషులున్నారు. “ఆధార్‌లో ఎవరి వేలుంటే ఆ వేలే పడాలి. మామ్మ ఎవర్ని తీసుకుపోయినా లాభం లేదు. ఇది... ఆయన వేలే.”

“ఏడ?”

“మన డిపోలో కాదు. ఈపూరులో. పోయిన ఎండాకాలం.”

మస్తాన్‌బీ ఒక్కసారిగా స్టూలు మీంచి లేచింది. “నే చెప్పలా!” అని అరిచింది. వరసలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. “నే చెప్పలా, ఒరేయ్! ఎవరన్నా విన్నారంటరా నా మాట? నా బిడ్డ ఉన్నాడు. ఉన్నాడే అబిదా!” కోడలి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. అబిదా ఆ ఊపుకు అలాగే ఊగింది. ఆమె చెవుల్లో వేరే మాట తిరుగుతోంది. బాండు మీద తాను చేతులారా రాసిచ్చిన మాట. మనిషి తిరిగివస్తే.

“ఏ ఊరన్నావమ్మా?” మస్తాన్‌బీ కళ్ళు తుడుచుకుంటూ ఇంద్రజను అడిగింది.

“ఈపూరు మామ్మా. వినుకొండ దగ్గర.”

“కాలువ పోయేది అటేగా.”

“ఆ. అటే.”

“చానా దూరమా?”

ఇంద్రజ అబిదా వంక చూసి, తల దించుకుని చెప్పింది. “ఏం దూరం మామ్మా. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ఉంటారు.”

మస్తాన్‌బీ సంతోషం ఎక్కడ ఆగిందో అబిదా కళ్ళారా చూసింది. నీళ్ళు వదిలిన కాలువకు పైన షట్టర్ దించేస్తే, కిందికి వచ్చే నీళ్ళు వస్తూ వస్తూనే సన్నబడిపోతాయి. అలా ఆమె ముఖంలోంచి వెలుగు తగ్గిపోయింది. మెల్లగా మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

“పూట ప్రయాణం” అంది. ఎవరితోనూ కాదు. “ఆరేళ్ళు.”

ఆరేళ్ళ గురువారాలు. ఎంతమంది దారిన పోయేవాళ్ళకు పెట్టింది! ఆగిన ఆటోలు ఎన్ని చూసింది! కాళ్ళు లేనివాడికి కాళ్ళు వచ్చేంత కాలం. తప్పిపోయిన పిల్లవాడు కాదు, దారి తెలియనివాడు కాదు. మాచర్ల బస్సు మీద మాచర్ల అనే రాసి ఉంటుంది.

“అయితే వాడు కాదమ్మా” అంది మస్తాన్‌బీ తల అడ్డంగా ఊపుతూ. “మీ మిషను తప్పు. నా వేలే పట్టదు అది. వాడైతే వచ్చేవాడు. వాడు కాదు.”

ఇంద్రజ ఫోను తీసింది. తనతో ట్రైనింగ్‌లో ఉన్న పిల్ల ఈపూరు సచివాలయంలో చేస్తోంది. దాన్నడిగి ఆ డిపో డీలరు నంబరు తీసుకుంది. వీరయ్య అట. నంబరు నొక్కి, మోగుతున్న ఫోనును అబిదా చేతిలో పెట్టింది.

“నేను అడిగితే భయపడి చెప్పడక్కా. నువ్వే అడుగు.”

“హలో, ఎవరూ?” అవతల పెద్ద గొంతు.

“అన్నా, మాది మాచర్ల. మీ డిపోలో పోయిన ఎండాకాలం... జమాలు అని ఒకాయన వేలు వేశాడంట.”

“జమాలా? ఆ, వేశాడు. ఎందుకు గుర్తుంది అంటే, వేలు పెట్టగానే మాచర్ల కార్డు వచ్చింది. ఏమయ్యా, నీ పేరు అక్కడ కార్డులో ఉంది, ఇక్కడ కొత్త కార్డు ఎట్టా ఇస్తారు అన్నా. ‘నా పేరింకా ఉందా అందులో’ అన్నాడు. ఉందయ్యా అన్నా. మళ్ళీ అదే మాట. ‘తియ్యలేదా? ఇంకా ఉంచారా?’ అని. నలుగురు తోసుకుంటన్నా జరగడు. అట్టా నిలబడిపోయాడు మనిషి.” వీరయ్య ఆగాడు. “ఇంతకీ మీరు ఏమవుతారమ్మా ఆయనకి?”

అబిదా చెయ్యి మెడ దగ్గరకు పోయింది.

“ఉండండి, ఎదురు మిల్లులోనే మూటలు దించుతన్నాడు, ఇస్తా” అన్నాడు వీరయ్య ఆమె జవాబు కోసం ఆగకుండా. ఫోను దూరంగా జరిగింది. “ఒరేయ్ జమాలూ! నీకు ఫోను. మాచర్ల నుంచి.”

లారీ ఇంజను చప్పుడు. ఎవరో ఏదో అన్నారు. ఎవరో నవ్వారు. తరవాత అడుగులు. వట్టి కాళ్ళతో నడిచే మనిషి అడుగులు. దగ్గరగా వచ్చి ఆగాయి. ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. అవతలి మనిషి మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు, చిన్నగా, జమాలు ఎప్పుడూ సవరించుకున్నట్టే.

అబిదా కళ్ళు మూసుకుంది.

ఆమె ఇప్పుడు నోరు తెరిచి పేరు చెప్పొచ్చు. రాంగ్ నంబరండీ అని పెట్టెయ్యనూ వచ్చు. పెట్టేస్తే ఆదివారం దాకా, నెలాఖరు దాకా అతను చచ్చినవాడే.

మస్తాన్‌బీకి ఏమీ వినిపించడం లేదు. కోడలి ముఖం మాత్రం కనిపిస్తోంది. ఆమె పైట కొంగు పట్టుకుని లాగింది.

“ఏమే, వాడు కాదుగా?” అంది బతిమాలుతున్నట్టు. “చెప్పవే. వాడు కాదుగా?”